యాభై స్టేట్లలో ఉన్నామన్న వీడియో డాక్టర్ యాప్, స్టేట్ దాటాక మాకు ఎలా పనిచేసిందంటే

ముందు రేటింగ్ చెప్పేస్తాను: ఐదుకి మూడు. విడగొట్టి ఇవ్వమంటే డాక్టర్లకి నాలుగున్నర, యాప్ నడిపే కంపెనీకి ఒకటిన్నర. ఎందుకో చెప్పాలంటే కొంచెం పెద్దగానే రాయాలి, ఓపిక చేసుకుని చదవండి, ముఖ్యంగా అమెరికాలో ఒక స్టేట్ నుంచి ఇంకో స్టేట్‌కి మారబోతున్నవాళ్ళు, ఇండియా నుంచి అమ్మానాన్నల్నో అత్తమామల్నో పిలిపించుకున్నవాళ్ళు.

మేం ఏడేళ్ళు టెక్సాస్‌లో, ఇర్వింగ్‌లో ఉన్నాం. మా ఆయన ఉద్యోగం మారడంతో 2025 జూలైలో న్యూజెర్సీలోని ఎడిసన్‌కి వచ్చాం. ఈ యాప్ మా ఫోన్లలో మూడేళ్ళ నుంచి ఉంది. ఫ్యామిలీ ప్లాన్, ఏడాది డబ్బు ఒకేసారి కట్టేస్తాం. ఇర్వింగ్‌లో ఉన్నన్నాళ్ళూ వంక పెట్టడానికి లేదు. రాత్రి పదకొండింటికి పిల్లాడికి జ్వరమొస్తే పావుగంటలో డాక్టర్ తెరమీదకొచ్చేవారు, మందు మా వీధి చివర ఫార్మసీకి వెళ్ళిపోయేది. మారేటప్పుడు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అడిగితే, యాభై స్టేట్లలోనూ మా సర్వీసు ఉంది, అడ్రస్ మార్చుకుంటే చాలన్నారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ దాని అసలు అర్థం ఏమిటో నాకు తెలియడానికి నవంబరు దాకా పట్టింది.

థ్యాంక్స్‌గివింగ్‌కి వర్జీనియాలో, యాష్‌బర్న్‌లో ఉండే మా వదిన వాళ్ళింటికి కారులో బయల్దేరాం. మేమిద్దరం, ఆరో క్లాసు చదివే పాప, నాలుగేళ్ళ బాబు, ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్య. పొద్దున లేచేసరికి బాబుకి ఎడమ కన్ను ఎర్రగా ఉంది, పుసి కట్టి రెప్పలు అతుక్కుపోయాయి. కళ్ళకలక అని చూడగానే తెలిసిపోతోంది. యాప్‌లో పదకొండింటికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, దారిలో ఎక్కడైనా ఆగి మాట్లాడొచ్చు కదా అని. పదకొండయ్యేసరికి ఐ-95 హైవే మీద మేరీల్యాండ్ హౌస్ అనే రెస్ట్ ఏరియాలో ఉన్నాం.

పార్కింగ్‌లో కారు ఆపి, బాబుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫోన్ ఎత్తి పట్టుకున్నాను. డాక్టరమ్మ వచ్చారు, వాణ్ణి పేరు పెట్టి పలకరించారు, కన్ను దగ్గరగా చూపించమన్నారు. వాడు నలుపుకోకుండా చెయ్యి పట్టుకుని, లైటు పడేలా మొహం తిప్పుతుంటే ఆవిడ ఆగి, "ఒక్క నిమిషం, మీరిప్పుడు ఏ స్టేట్‌లో ఉన్నారు?" అని అడిగారు. న్యూజెర్సీ అన్నాను. "మీ ఇల్లు కాదు, ఇప్పుడు మీరు కూర్చున్న చోటు చెప్పండి" అన్నారు. మేరీల్యాండ్ అన్నాను. తనకి న్యూజెర్సీ, పెన్సిల్వేనియా లైసెన్సులు ఉన్నాయి గానీ మేరీల్యాండ్‌ది లేదని, ఈ పరిస్థితిలో చూసి మందు రాస్తే లైసెన్స్ లేకుండా వైద్యం చేసినట్టే అవుతుందని చెప్పి, మూడు నాలుగు సార్లు సారీ చెప్పి కాల్ ముగించారు. బాబుకి అర్థం కాలేదు, "డాక్టర్ ఆంటీ ఎందుకు వెళ్ళిపోయింది?" అని అడుగుతూనే ఉన్నాడు.

మళ్ళీ క్యూలో పడ్డాం. మేరీల్యాండ్ లైసెన్స్ ఉన్న డాక్టరు దొరకడానికి యాభై నిమిషాలు పట్టింది. ఆయన రెండు నిమిషాలు చూసి చుక్కల మందు రాసి, మేం అడిగితే యాష్‌బర్న్‌లో మా వదిన వాళ్ళ దగ్గరున్న ఫార్మసీకే పంపించారు. మందు పక్క స్టేట్ ఫార్మసీకి పంపడానికి ఇబ్బంది లేదు, పేషెంట్‌ని చూడటం దగ్గరే అంతా ఆగింది. అరగంట ముందు ఆగి ఉంటే డెలావేర్ లైసెన్స్ కావాల్సి వచ్చేది, ఇంకో గంటన్నర డ్రైవ్ చేసి ఉంటే వర్జీనియాది.

ఆ తర్వాత దీని గురించి చాలా చదివాను, నాలాగా ఇంకొకరు ఇబ్బంది పడకూడదని రాస్తున్నాను. అమెరికాలో డాక్టరుకి లైసెన్స్ ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం కాదు, ప్రతి స్టేట్‌కీ సొంత మెడికల్ బోర్డు ఉంటుంది. ఇది ఈ మధ్య వచ్చిన పద్ధతి కాదు. వెస్ట్ వర్జీనియా పెట్టిన లైసెన్స్ చట్టాన్ని సుప్రీం కోర్టు 1889లోనే డెంట్ కేసులో సమర్థించింది, జనం ఆరోగ్యాన్ని కాపాడే అధికారం స్టేట్‌ది అని. అప్పట్లో డాక్టరూ పేషెంటూ ఒకే గదిలో ఉండేవారు కాబట్టి గొడవ లేదు. వీడియో వచ్చాక, వైద్యం జరిగేది పేషెంట్ ఉన్న చోట అని లెక్క కడతారు. డాక్టరు ఎక్కడ కూర్చున్నా ఫర్వాలేదు, ఆ నిమిషంలో పేషెంట్ కాళ్ళు ఏ స్టేట్ నేల మీద ఉన్నాయో ఆ స్టేట్ లైసెన్స్ కావాలి. కోవిడ్ వచ్చిన 2020లో చాలా స్టేట్లు ఈ రూల్ తాత్కాలికంగా సడలించాయి. ఆ రోజుల్లో వాడటం మొదలుపెట్టినవాళ్ళం మనలో చాలామందిమి, అందుకే ఎక్కడి నుంచైనా ఎవరితోనైనా మాట్లాడొచ్చు అనే నమ్మకం అలాగే ఉండిపోయింది. ఆ సడలింపులు తర్వాత ఒక్కో స్టేట్ ఒక్కో తేదీన ఎత్తేసింది.

డాక్టర్లకి 2017 నుంచి ఒక ఇంటర్‌స్టేట్ కాంపాక్ట్, అంటే స్టేట్ల మధ్య ఒప్పందం, నడుస్తోంది. అందులో చేరిన స్టేట్ల లైసెన్సులు త్వరగా తెచ్చుకోవచ్చు. టెక్సాస్, న్యూజెర్సీ, మేరీల్యాండ్ అందులో ఉన్నాయి, న్యూయార్క్, కాలిఫోర్నియా లేవు. కానీ అందులో ఉన్నా ఏ స్టేట్ లైసెన్స్ ఆ స్టేట్‌దే, ఏ ఫీజు ఆ ఫీజే. నర్సుల కాంపాక్ట్ అలా కాదు, ఒక్క లైసెన్స్‌తో చేరిన స్టేట్లన్నిటిలో పనిచేయొచ్చు. డాక్టర్లకి కూడా అలా ఉంటే బాగుండేదని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఫ్లోరిడా 2019లో చట్టం చేసి, బయటి స్టేట్ డాక్టర్లు పూర్తి లైసెన్స్ లేకపోయినా టెలీహెల్త్ కోసం రిజిస్టర్ చేసుకుని చూడొచ్చు అంది. మా న్యూజెర్సీలో మాత్రం 2023లో బోస్టన్ క్యాన్సర్ డాక్టరు ఒకామె, మరికొందరు కలిసి ఈ లైసెన్స్ రూల్ మీద ఫెడరల్ కోర్టుకే వెళ్ళారు. బోస్టన్‌లో ట్రీట్‌మెంట్ అయిన పిల్లాడు ఫాలో-అప్‌కి వీడియోలో మాట్లాడాలన్నా న్యూజెర్సీ లైసెన్స్ కావాల్సి వస్తోందని వాళ్ళ బాధ. మా కళ్ళకలక దాని ముందు ఎంత? అది చదివినప్పటి నుంచి యాప్ మీద కోపం కొంత తగ్గింది.

కొంతే తగ్గింది. ఎందుకంటే ఈ చట్టం సంగతి కంపెనీకి మొదటి రోజు నుంచి తెలుసు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు "కాల్ టైముకి మీరు ఏ స్టేట్‌లో ఉంటారు?" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. ప్రొఫైల్‌లో ఉన్న ఇంటి అడ్రస్ చూసి డాక్టర్‌ని కేటాయించేశారు. రూల్ ఎక్కడో నిబంధనల పేజీలో ఉంది, నేను తర్వాత వెతికి చూశాను, చాలా కిందకి జరిపితే గానీ కనపడదు.

ఇక వర్జీనియాలో జరిగింది ఇంకా టెన్షన్ పెట్టింది.

మా అత్తయ్యకి షుగర్ వల్ల కాళ్ళలో నరాల మంట. ఇండియాలో డాక్టరు గాబాపెంటిన్ రాశారు, తెచ్చుకున్న మాత్రలు అక్టోబరులో అయిపోయాయి. ఇండియా చీటీకి ఇక్కడి ఫార్మసీలో మందు ఇవ్వరు కదా, అందుకని ఎడిసన్‌లో ఇదే యాప్‌లో డాక్టర్‌కి చూపించాం. ఈ విషయంలో యాప్‌ని మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. తెలుగు దుబాసీ కావాలంటే లైన్లోకి ఒకామెని తెచ్చారు. అత్తయ్య "రాత్రిళ్ళు అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టు ఉంటాయమ్మా, దుప్పటి తగిలినా ఓర్చుకోలేను" అంటే ఆవిడ ఒక్క ముక్క వదలకుండా డాక్టర్‌కి చెప్పింది, డాక్టర్ అడిగింది మళ్ళీ చక్కటి తెలుగులో అత్తయ్యకి చెప్పింది. పది నిమిషాల్లో ప్రిస్క్రిప్షన్ ఫార్మసీకి వెళ్ళింది. అత్తయ్య ఆ రోజంతా ఆ అమ్మాయి గురించే మాట్లాడింది, మన ఊళ్ళో డాక్టరు కూడా ఇంత ఓపిగ్గా వినలేదని.

యాష్‌బర్న్ చేరాక రెండో రోజు రాత్రి తెలిసింది, ఆ మాత్రల సీసా ఎడిసన్‌లో వంటగది గట్టు మీదే ఉండిపోయిందని. అత్తయ్య ఒక పూట చెప్పలేదు, పండక్కి వచ్చి అందర్నీ కంగారు పెట్టడం ఎందుకని. "ఫర్వాలేదులే అమ్మాయ్, ఇంకో రెండు రోజులేగా" అంది. ఆ మందు ఉన్నట్టుండి ఆపకూడదని డాక్టరు చెప్పిన మాట నాకు గుర్తుంది. వెంటనే యాప్ తెరిచాను. ఈసారి వర్జీనియా అని ముందే రాశాను, వర్జీనియా లైసెన్స్ ఉన్న డాక్టరే వచ్చారు, పాత ప్రిస్క్రిప్షన్ ఆయన తెర మీదే కనపడుతోంది. అయినా రాయలేనన్నారు.

కారణం విని నమ్మబుద్ధి కాలేదు. గాబాపెంటిన్ ఫెడరల్ చట్టం ప్రకారం కంట్రోల్డ్ మందు (దుర్వినియోగం అవుతుందని చట్టం కట్టడి చేసిన మందు) కాదు, న్యూజెర్సీలో కూడా కాదు. కానీ వర్జీనియాలో 2019 జూలై నుంచి అది షెడ్యూల్ ఫైవ్ కంట్రోల్డ్ మందు. కెంటకీ 2017లో ఈ పని చేసింది, టెనెసీ, వెస్ట్ వర్జీనియా కూడా చేశాయి. ఓపియాయిడ్లతో (మార్ఫిన్ లాంటి మత్తు కలిగించే నొప్పి మందులతో) కలిపి దుర్వినియోగం చేస్తున్నారని, చనిపోయినవాళ్ళ శరీరాల్లో ఇది కూడా కనపడుతోందని ఆ స్టేట్లు ఈ నిర్ణయం తీసుకున్నాయి. ఆ ప్రాంతాలు ఓపియాయిడ్ల వల్ల ఎంత నష్టపోయాయో తెలిస్తే వాళ్ళని తప్పుపట్టలేం. యాప్ పాలసీ ప్రకారం వాళ్ళ డాక్టర్లు కంట్రోల్డ్ మందులేవీ రాయరు. అంటే అదే మాత్ర, అదే మనిషి, అదే నొప్పి, అదే యాప్, పోటోమాక్ నదికి ఇవతల, వర్జీనియాలో ఉన్నామని దొరకలేదు. మర్నాడు పొద్దున్నే అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్ళాం. అక్కడ డాక్టరు అత్తయ్య కాళ్ళు చూసి, మా ఆయన ఫోన్లో ఉన్న సీసా ఫొటో చూసి, వర్జీనియా మందుల మానిటరింగ్ రికార్డు చూసి, ఐదు రోజులకి సరిపడా రాశారు. వెనక్కి ఎడిసన్ వచ్చేదాకా అది సరిపోయింది. ఇందులో యాప్ డాక్టర్ తప్పేమీ లేదు, ఎక్కడికి వెళ్ళాలో కూడా ఆయనే చెప్పారు. కానీ కాల్ మొదలయ్యే ముందే "ఈ స్టేట్‌లో ఈ మందు మేం రాయం" అని తెర మీద పడి ఉంటే ఒక రాత్రి మిగిలేది, విజిట్ ఫీజూ మిగిలేది. అత్తయ్య మా ఫ్యామిలీ ప్లాన్‌లో లేదు, ప్రతి విజిట్‌కీ విడిగా కట్టాలి.

టీకాల పేజీ గురించి కూడా చెప్పాలి, ఇక్కడ తప్పు పూర్తిగా యాప్‌దే. పిల్లల పేర్లు ఎక్కిస్తే స్కూల్‌కి ఏ టీకా ఎప్పటికి వేయించాలో గుర్తుచేస్తుంది. మేం జూలైలోనే అడ్రస్ మార్చాం. అయినా పాపకి టీడాప్ (ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గులకి వేసేది), మెనింజైటిస్ టీకాలు ఏడో క్లాసుకి ముందు అని చూపిస్తూనే ఉంది. అది టెక్సాస్ రూల్. న్యూజెర్సీలో ఆరో క్లాసుకే కావాలి, పిల్లకి పదకొండేళ్ళు నిండి ఉంటే. సెప్టెంబరులో స్కూల్ నర్సు ఫోన్ చేసి చెప్తే తెలిసింది. బాబు సంగతి కూడా అంతే. న్యూజెర్సీలో ప్రీస్కూల్‌కి వెళ్ళే ఐదేళ్ళ లోపు పిల్లలకి ఏటా డిసెంబరు 31 లోపు ఫ్లూ టీకా తప్పనిసరి, యాప్‌లో ఆ ఊసే లేదు. ఇంకోపక్క టెక్సాస్‌లో స్కూల్‌కి తప్పనిసరి అయిన హెపటైటిస్ ఎ టీకా గురించి ఇక్కడ ఎవరూ అడగలేదు.

పాత టీకాల కాగితాలు కూడా యాప్ తెప్పిస్తుందనుకున్నాం. టెక్సాస్ ప్రభుత్వం టీకాల రికార్డులు దాచే రిజిస్ట్రీ పేరు ఇమ్‌ట్రాక్2, అందులో మనం ఒప్పుకుని సంతకం పెడితేనే పిల్లల వివరాలు ఉంటాయి. మేం పెట్టామో లేదో మాకే గుర్తులేదు, వెతికితే లేవు. న్యూజెర్సీలో తిరగేసి ఉంటుంది, 1998 నుంచి పుట్టిన పిల్లలు వాళ్ళంతట వాళ్ళే రిజిస్ట్రీలో చేరిపోతారు, వద్దనుకుంటే మనం చెప్పి బయటికి రావాలి. చివరికి ఇర్వింగ్‌లోని పాత క్లినిక్ వాళ్ళు ఫ్యాక్స్ చేస్తే పని జరిగింది. వేరే స్టేట్ నుంచి వచ్చినవాళ్ళకి కాగితాలు తేవడానికి స్కూల్ 30 రోజులు గడువిచ్చింది కాబట్టి పాప క్లాసులు పోలేదు.

టీకాల విషయం నాకు మనసుకి దగ్గరగా తగులుతుంది. 2025 మొదట్లో వెస్ట్ టెక్సాస్‌లో తట్టు మొదలై ఆగస్టులో ముగిసిందని ప్రకటించేసరికి 762 కేసులు, ఇద్దరు పిల్లలు పోయారు. మేమున్నది అక్కడికి చాలా దూరమే అయినా, అప్పట్లో రోజూ పిల్లల్ని స్కూల్ దగ్గర దింపుతూ భయపడేదాన్ని. టెక్సాస్‌లో మనస్సాక్షి ఒప్పుకోవట్లేదని అఫిడవిట్ ఇస్తే టీకాలు లేకుండా స్కూల్లో చేర్చుకుంటారు, 2003 నుంచి ఉంది ఆ వెసులుబాటు. న్యూజెర్సీలో మత కారణం చెప్పొచ్చు. హడ్సన్ నది దాటి న్యూయార్క్ వెళ్తే 2019 జూన్ నుంచి అదీ కుదరదు, డాక్టరు రాసిచ్చిన వైద్య కారణం ఒక్కటే చెల్లుతుంది. డిస్నీల్యాండ్‌లో తట్టు వ్యాపించాక కాలిఫోర్నియా 2015లోనే అలాంటి చట్టం చేసింది. 1905లో మసాచుసెట్స్‌లో మశూచి టీకా వద్దన్న ఒకాయనకి వేసిన ఐదు డాలర్ల జరిమానాని సుప్రీం కోర్టు సమర్థించినప్పటి నుంచి ఈ నిర్ణయం స్టేట్ల చేతిలోనే ఉంది. ఇవన్నీ ప్రతి స్టేట్ హెల్త్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఉచితంగా దొరికే సమాచారాన్ని డబ్బు తీసుకుని తప్పుగా చూపించడం నాకు అస్సలు నచ్చలేదు.

ఇంకో చిన్న విషయం. ఉద్యోగాల మధ్యలో మా ఆయనకి ఇన్సూరెన్స్ లేని నెల ఒకటి వచ్చింది. ఈ యాప్ మెంబర్‌షిప్ ఉంది కదా సరిపోతుందేమో అన్నారు. సరిపోదు, అది ఇన్సూరెన్స్ కాదు. టెక్సాస్‌లో ఇన్సూరెన్స్ లేకపోతే జరిమానా లేదు. న్యూజెర్సీలో 2019 నుంచి స్టేట్ ట్యాక్స్‌లో జరిమానా ఉంది, కాలిఫోర్నియా, మసాచుసెట్స్, రోడ్ ఐలాండ్‌లో కూడా ఉంది. చిన్న గ్యాప్‌కి మినహాయింపు ఉంటుంది కాబట్టి మాకు ఇబ్బంది రాలేదు గానీ, యాప్ ప్రకటన చదివితే ఎవరైనా పొరపడేలా ఉంది.

డిసెంబరులో కస్టమర్ కేర్‌కి ఇవన్నీ రాసి పంపాను. వర్జీనియా విజిట్ డబ్బు వెనక్కి ఇచ్చారు, మేరీల్యాండ్‌ది ఎలాగూ ప్లాన్‌లోనే. టీకాల పేజీ సరిచేస్తామన్నారు, ఇది రాసే సమయానికి పాప పేజీలో ఇంకా ఏడో క్లాసు అనే ఉంది. ఏడాది ప్లాన్ రెన్యూ చేయలేదు, అవసరమైనప్పుడు విజిట్‌కి కడుతున్నాం.

ఒకే ఊళ్ళో ఉండి, పిల్లల జ్వరాలకీ దగ్గులకీ వాడుకునేవాళ్ళకి తీసుకోమనే చెప్తాను. తెలుగు దుబాసీ కోసమైనా పెద్దవాళ్ళున్న ఇళ్ళలో ఉండాల్సిన యాప్. ప్రయాణాల్లో మాత్రం దీన్ని నమ్ముకుని బయల్దేరకండి. పెద్దవాళ్ళ మందుల పేర్లు రాసుకుని, వెళ్ళే స్టేట్‌లో ఒక ఫార్మసీకి ఫోన్ చేసి అడగండి, వాళ్ళు నిమిషంలో చెప్పేస్తారు. డాక్టర్‌తో మాట్లాడాల్సింది ఏదైనా ఉంటే ఇంట్లోంచే మాట్లాడి కారెక్కండి. ఆ రోజు పొద్దున ఎనిమిదింటి స్లాట్ కూడా ఖాళీగా ఉంది, సామాను సర్దుకునే హడావుడిలో నేనే పదకొండుది నొక్కాను.